విత్తనానికి వదిలిన మొక్కలు

ముందు కాఫీ తాగండి పాస్టర్ అయ్యగారూ. వచ్చిన దగ్గర్నుంచీ, మొగుడూ పెళ్లాల గొడవ, ప్రార్థన చేస్తాను, రూతుని ఇంటికి పంపించెయ్ కరుణమ్మా అంటున్నారు. గొడవేంటో అడిగారా? గోంగూర మొక్కల కోసం ఇల్లు వదిలిందని మొగుడు రత్నరాజు చర్చిలో అందరికీ చెప్పి నవ్వుతున్నాడట.

మొక్కలే. కాదనను.

రూతు అమెరికాకి, ఈ ట్రాయ్‌కి వచ్చిన ఏడే వాళ్ళమ్మ పోయింది. లీవ్ లేదన్నాడు, పంపలేదు. ఆవిడ కొంగున కట్టిచ్చిన గోంగూర విత్తనాలే మిగిలాయి. వాటిని నిలబెట్టుకోవాలని ఈ పిల్ల ఆశ. ఇక్కడి వేసవి మీకు తెలియందా? మే దాకా నేల చల్లగానే ఉంటుంది. ఆకు వస్తుంది గానీ, కాయ ఎండేలోపు మంచు కొట్టేస్తుంది. రెండేళ్లు అలాగే పోయాయి.

అందుకని ఈ ఏడు ఎత్తు మడులు కట్టింది. ఎవరో పారేసిన చెక్కపెట్టెలు విప్పి, పలకలు మోకాలెత్తున నిలబెట్టి మేకులు కొట్టింది. బకెట్లతో మట్టి మోసింది. ఎత్తు మీద మట్టి త్వరగా వెచ్చబడుతుందండీ. అతనేమో కిటికీలోంచి చూస్తూ, "మీ అమ్మకి సమాధి కడుతున్నావా?" అన్నాడు.

రూతు తన దగ్గర ఉన్న విత్తనమంతా వేసేసింది. అక్టోబర్‌కి కాయలు పట్టాయి. ఇంకొన్నాళ్ళు ఎండితే చాలు. మంచు తగలకుండా పొద్దు వాలగానే పాత చీరలు, దుప్పట్లు కప్పేది.

మొన్న శనివారం అతని బాస్ డిన్నర్‌కి వచ్చాడు. మీరూ వెళ్ళారు. పెరడు చాకిరేవులా ఉంది, దుప్పట్లు తీసెయ్ అన్నాడు రత్నరాజు. ఈ ఒక్క రాత్రీ ఉండనివ్వమని బతిమాలింది. తనే వెళ్ళి లాగేశాడు. దుప్పటి రెండో అంచు పట్టుకుని మడతపెట్టింది ఎవరండీ? మీరే కదా.

తెలియక పట్టుకున్నారు, సరే. రూతు మీ వంక చూసింది. అదీ తెలియలేదా?

మీరంతా వెళ్ళాక మళ్ళీ కప్పబోతే, తలుపులకి తాళాలేసి, తాళంచెవులు జేబులో పెట్టుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి మొక్కలన్నీ నల్లబడి వాలిపోయాయి. పచ్చికాయలు పట్టుకుంటే మెత్తగా, నీళ్ళు. అతను కాఫీ కప్పు పట్టుకుని వచ్చి, "పీడ పోయింది. పలకలు పీకెయ్, గడ్డి వేయిద్దాం" అన్నాడట. కోటు కూడా లేకుండా మా ఇంటికి నడిచొచ్చింది.

అదిగో, లోపల నా కోటు తొడుక్కుంటోంది. మీ గొంతు వినగానే లేచింది. నేను ఆపలేను అయ్యగారూ. గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదు, డ్రైవింగ్ నేర్పించలేదు, అన్నీ అతని పేరు మీదే. "ఎక్కడికి వెళ్ళను అక్కా?" అని పొద్దున అడిగింది. నేనేం చెప్పను?

తీసుకెళ్ళండి. ప్రార్థన మాత్రం నా ఇంట్లో వద్దు. కార్‌లో చేసుకోండి.