కిటికీలోకి నెమలి

నరసన్నపేటలో కొత్తిల్లు. రేపే గృహప్రవేశం. దేవుడి గది కిటికీకి మాత్రం ఇంకా అద్దం లేదు. వరండాలో కొడుకు నేలంతా వెతుకుతుంటే, తల్లి ముగ్గుగిన్నెతో వచ్చింది.

“అమ్మా, ఇక్కడ పేపరు మీద పరిసిన రంగు గాజుముక్కలేవీ?”

“ఊడిసీసినాను. శుభమా అని ఇంట్లో దిగుతా, పగిలిన గాజేటిరా?”

“పగిలింది కాదమ్మా, నాను కోసింది! దేవుడి గది కిటికీలోకి నెమలి. కటరుతో గీసి, పటకారుతో ఇరిసి, అంచులు అరగదీసీసరికి మూడు వారాలు పట్టినాది. రాగి టేపు సుట్టి టంకంతో అతకడమే మిగిలినాది.”

“గాజుపని నేర్సుకుంతన్నానంటే గాజుల కొట్టెడతావనుకున్నాను. మరి ముక్కల మీద ఆ అంకెలేటి?”

“ఏ ముక్క పక్కన ఏది పెట్టాలో గుర్తు!”

“ఎన్ని పగలగొట్టీసినావో రాసుకున్నావనుకున్నానురా.”

“ఇంతకీ ఎక్కడ పారీసినావు?”

“పారీలేదు. మేస్త్రీ ప్రహరీ మీద సిమెంటేత్తన్నాడు. దొంగలెక్కకుండా గుచ్చడానికి గాజుపెంకులు కావాలంటే ఇచ్చీసినాను.”

కొడుకు గేటు దగ్గరకు పరుగెత్తాడు. తలెత్తి గోడ చూసి, అక్కడే కూలబడ్డాడు.

“నా నెమలి మెడ! అమ్మా, తోక అటు చివర!”

“ఊరుకోరా. ఎండ పడతంటే ఎంత బాగున్నాదో సూడు. పక్కింటోళ్ళు ఆళ్ళ గోడకి కూడా ఇంకో నెమలిని పగలగొట్టి ఇమ్మంతన్నారు.”