ఎడమ చేతి మౌనం

హలో… ఆ, నేనేనండీ. చాలా సంతోషం, గుర్తుపెట్టుకుని పలకరించారు… ఏం చేస్తామండీ, ఆవిడకీ నాకూ రుణం అంతవరకే… హలో? ఎవరండీ మాట్లాడేది?

…

నువ్వా.

పెట్టెయ్యకు. ఒక్క మాట విను…

పేపర్లో చూశావా… మీ బావగారా. నువ్వు ఎదురుగా కాఫీ తాగుతుంటే పైకి చదివాడా… మీ అక్క ఏమంది?… అనే ఉంటుందిలే.

నువ్వు పోయావని నేను చెప్పలేదు. నీ మీద ఒట్టు… సరే, నీ మీద వద్దులే.

ఆ పేపరాయన, సంగీతం మీద రాసే పెద్దమనిషి, ఇంటికొచ్చాడు. నా రికార్డు పదిసార్లు విన్నాడట. ముప్పై ఏళ్ళు హోటళ్ళలో జనం తింటుంటే పియానో వాయించినవాణ్ణి, ఒక్కడైనా తలెత్తి చూశాడా… అదే. ఈయన మన సోఫా అంచున కూర్చుని, ఇలాంటి జాజ్ తాను జన్మలో వినలేదన్నాడు… ఆ, ములగచెట్టు ఎక్కించాడు. ఎక్కాను.

నీ శాలువా సోఫా మీదే ఉంది. దాన్ని చూశాడు. చివరి పాట పేరు చూశాడు, 'ఆమె లేని ఇల్లు' అని. ఆవిడ కాలం చేసి ఎన్నాళ్ళయిందండీ అన్నాడు…

నేనా? తల దించుకున్నాను.

…

అంతే. దించుకున్నాను. మంచి పొగడ్త మధ్యలో ఉన్నాడు. ఆపితే మళ్ళీ మొదలెట్టడేమో అనిపించింది… అవును, నీచమే. నిక్షేపంలా ఉన్న మనిషిని… నాకు సిగ్గుతో చచ్చిపోవాలనుంది… సరే, ఆ మాట నేననకూడదు.

కింద వాటాలో కొత్తగా దిగినవాళ్ళు రోజూ భోజనం పంపుతున్నారు… తిన్నాను. ఆకలేస్తుంది కదా.

పేపర్లో ఏ ముక్క?… ఆఁ, ఎడమ చేయిదా. నాకు కంఠతా వచ్చేసింది. 'కుడి చేయి పిలుస్తుంది, ఎడమ చేయి పలకదు. భార్యను పోగొట్టుకున్నవాడికే అంత ధైర్యం వస్తుంది…'

నవ్వుతున్నావా?… ఏడుస్తున్నావా?

ధైర్యమూ లేదు, పాడూ లేదు. ఆ పాట వాయించేటప్పుడు ఎడమ చేతిలో ఫోన్ ఉంది. నీకే చేస్తున్నాను… నువ్వు వెళ్ళిపోయిన వారం. వానలో నిన్ను స్టేషన్ బయట నిలబెట్టి ఇక్కడ వాయించుకుంటూ మర్చిపోయానే, ఆ వారమే. అటు మోగుతోంది, నువ్వు ఎత్తవు. ఊరికే కూర్చోలేక కుడి చేత్తో వాయించాను. రికార్డర్ నడుస్తోంది. తర్వాత వింటే బాగుందనిపించి ఉంచేశాను… లేదు, అదీ ఆయనకి చెప్పలేదు.

చెప్పాలా… ఇప్పుడేనా? రేపు సభ ఉంది. నాకు సన్మానం. వేదిక మీద నీ ఫొటో పెద్దది చేయించి పెడతారట… నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నదిచ్చాను. అదొక్కటే దొరికింది.

సభ అయిపోనీ, ఎల్లుండి చెబుతాను. ఇప్పుడు చెబితే ఆ మెప్పంతా వెనక్కి తీసేసుకుంటాడు. నాకు ఈ జన్మకి దక్కింది అదొక్కటే కదా…

…

హలో? ఉన్నావా?

…కాదు. అదొక్కటే కాదు. నా బుద్ధి గడ్డి తింది.

ఉండు, పెట్టెయ్యకు. ఇంటి ఫోన్లోంచి ఆయనకి చేస్తాను, నువ్వు వింటూ ఉండు… మోగుతోంది…

హలో… ఆ, నేనేనండీ, పియానో వాయించేవాణ్ణి. రేపటి సభ ఆపెయ్యండి… ఒంట్లో బాగానే ఉందండీ. ఇద్దరికీ బాగానే ఉంది. మా ఆవిడ బతికే ఉందండీ… మీరడిగిన రోజున కూడా బతికే ఉంది. నేనే నోరు మూసుకున్నాను… ఆ. సిగ్గు లేకే… అనండి, పడతాను.

ఇంకొకటండీ. ఎడమ చేతి మౌనం అని రాశారే… అప్పుడు ఆ చేత్తో ఆవిడకి ఫోన్ చేస్తున్నాను. ఆవిడ ఎత్తలేదు, అంతే… ఇవాళ తనే చేసింది. ఇదిగో, అదే చేతిలో లైన్లోనే ఉంది. దగ్గరగా పెడుతున్నాను, మీరే మాట్లాడండి.