ముందు వెళ్ళిన చూపు

ఉన్న చోట ఉండకూడదట బావా. రూలు. ఈ మధ్య ఏ దేశంలో ఏడాదికి మించి కాపురం ఉన్నామో ఆ దేశంలో సీటు అడగకూడదట. కాళ్ళకి చక్రాలున్నవాళ్ళకే చదువన్నమాట. ఎవడు రాశాడో గానీ వాడికి పెళ్ళయి ఉండదు.

కదలకు. గడ్డం ఆ స్టాండులోంచి తీశావంటే కెమెరా నీ కన్ను వదిలేస్తుంది, పని మళ్ళీ మొదటికొస్తుంది. మాట్లాడినా అంతే, దవడ ఆడితే తల ఆడుతుంది. నువ్వు నోరు మూసుకుని నేను మాట్లాడే చోటు మొత్తానికి ఒకటి దొరికింది. పెళ్ళయ్యాక ఇదే మొదలు.

పరీక్షకి కూర్చోడానికి వస్తానన్న మనిషి రాలేదు, అందుకే నిన్ను మీ కంప్యూటర్ల గదిలోంచి లాక్కొచ్చాను. సాయంత్రం మా ల్యాబు పెద్దాయన వచ్చేసరికి ఈ మిషను సరిగ్గా పనిచేస్తోందని చూపించాలి. ఆ నల్లచుక్క చూడు. ఊఁ. ఇప్పుడు పక్కది. నీ చూపు ఎక్కడుందో నా తెర మీద ఎర్రగా కనిపిస్తుంది, తెలుసుగా. దొంగచూపులు ఇక్కడ చెల్లవు.

ఏమంటున్నాను? ఆఁ, రూలు. అంతర్జాతీయ కార్యక్రమమట, చూపు మీద పరిశోధనట, తొమ్మిది పీహెచ్‌డీ సీట్లట. ప్రకటన మీద ఫొటో చూశావుగా, తెల్లకోట్లు వేసుకుని ఒక మైక్రోస్కోపు చుట్టూ నిలబడి అందరూ ఇకిలిస్తున్నారు. ఒక్కడు కూడా దానిలోకి చూడడంలేదు.

అందులో ఒకటో నంబరు ఈ గదే. ఈ మిషనే. ప్రాజెక్టు రాసేటప్పుడు పెద్దాయన నా పక్కన కూర్చుని, "ఇది నీదేనమ్మా" అన్నాడు. తీరా ప్రకటన వచ్చాక కళ్ళజోడు తుడుచుకుంటూ, "అయ్యో, నువ్విక్కడే ఉన్నావు కదా" అన్నాడు. నేనిక్కడ లేకపోతే ఆ ప్రాజెక్టు ఎక్కడినుంచి ఊడిపడేదో అడగాల్సింది. అడగలేదు. కొత్తగా వచ్చేవాళ్ళకి బల్ల సర్దిపెట్టమన్నాడు, సరే అన్నాను. సిఫారసు ఉత్తరం ఆయనే రాయాలి కదా, ఇంక నోరెక్కడ లేస్తుంది?

చూపు మీద మీకు ఆసక్తి ఎలా కలిగిందో రాయండి అంటారు. ఎలా కలుగుతుంది, సీటు కావాలి గనక కలుగుతుంది. క్రితంసారి వచ్చిన దరఖాస్తులన్నీ పెద్దాయన నాచేతే సర్దించాడు. ప్రతివాడికీ చూపులేని ఒక నాయనమ్మ. ఆ నాయనమ్మలందరినీ ఒకచోట చేరిస్తే ఒక కంటాసుపత్రి నిండుతుంది. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? చిన్నప్పుడు మిణుగురుల్ని చూసి, వెలుగంటే ఏమిటా అని ఆలోచనలో పడ్డావట. నువ్వు! బల్లి కనిపిస్తే మంచమెక్కి నన్ను కేకేసే మనిషివి.

నవ్వకు. బుగ్గ కదిలింది, ఇక్కడ కన్ను గెంతింది.

మీ అమ్మ ఇంకొకావిడ. ఎన్నిసార్లు చెప్పినా అత్త దృష్టిలో మనం కళ్ళడాక్టర్లమే. మొన్న ఫోన్లో, "ఇద్దరూ ఒకే ఊళ్ళో కొట్టు పెట్టుకోండే, ఒకళ్ళు పరీక్ష చేస్తే ఒకళ్ళు అద్దాలు అమ్మొచ్చు" అంది. నాకు నవ్వాగలేదు. కానీ మొగుడూ పెళ్ళాం ఒకే ఊళ్ళో ఉంటారన్న సంగతి ఆవిడకైనా తట్టింది, ఆ రూలు రాసిన కమిటీలో ఒక్కడికీ తట్టలేదు.

తొమ్మిదింట్లో ఒకే ఊళ్ళో ఉన్నవి రెండే, ఏడూ ఎనిమిదీ. ఏడు నాకు, ఎనిమిది నీకు అనుకున్నాం. వంటగదిలో స్టవ్ పక్కన నిలబడి, చేతిలో చెయ్యేసి మరీ అనుకున్నాం. మూడు ఇష్టాలు రాయమన్నా వాళ్ళు చూసేది మొదటిదే, నీకూ తెలుసు నాకూ తెలుసు. అది తప్పామా, నువ్వో దేశం, నేనో దేశం, నాలుగేళ్ళు. ఫోన్లో కాపురం.

నీది పంపేశానన్నావు. ఎనిమిదేగా అంటే, "మరి?" అన్నావు. మరి అంటే అవునా, కాదా? నీ దగ్గర ఇదో జబ్బు. అత్త ఉప్పు సరిపోయిందా అంటే మరి. కరెంటు బిల్లు కట్టావా అంటే మరి. నన్ను చేసుకోవడం నీకిష్టమేనా అని మా నాన్న అడిగినప్పుడు కూడా అదే అన్నావు. అందరూ అవునే అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

సరే, చివరి పరీక్ష ఇది. ఒకటినుంచి తొమ్మిదిదాకా అంకెలు గుండ్రంగా వస్తాయి. నేను ప్రశ్న వేస్తాను, నువ్వు జవాబు ఎటుంటే అటు చూడు. నోటితో పనిలేదు. రెండూ రెండూ ఎంత? నాలుగు, బాగుంది. చేతికి వేళ్ళెన్ని? ఐదు. మనం అద్దెకున్నది ఎన్నో అంతస్తు? మూడు. మిషను బ్రహ్మాండంగా ఉంది.

దరఖాస్తులో మొదట ఏది పెట్టావు?

ఊఁ. ఎనిమిది. చూశాను, దాన్నే గట్టిగా పట్టుకుని కూర్చున్నావు. కానీ బావా, ముందు రెండు మీదికి వెళ్ళావు. రెప్పపాటే అనుకో. రెండు, ఆ తర్వాత ఎనిమిది. ఈ గదిలో ముందు వెళ్ళిన చూపే జవాబు. తర్వాతది సంజాయిషీ.

కళ్ళు మూసుకోకు. తెరవమంటున్నానా. రెండంటే ఆ పేరుమోసిన ఆవిడ ల్యాబు కదూ. అన్నం ముందు కూర్చుని కూడా ఆవిడ ఉపన్యాసాలే పెట్టుకుంటావు. మనమనుకున్న ఊరికీ దానికీ మధ్య ఓ సముద్రం. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. నాతో చెప్పి ఉంటే ఏం చేసేదాన్ని? అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, నాలుగు రోజులు మొహం ముడుచుకుని తిరిగేదాన్ని. ఆ తర్వాత నేనే వెళ్ళమనేదాన్నేమో. ఆ పాటి అవకాశం కూడా ఇవ్వలేదు నువ్వు.

ఉండు, గడ్డం తీయకు. నేను చెప్పేది అయిపోలేదు. నువ్వు నోరు తెరిస్తే నేనిక చెప్పలేను.

నా దరఖాస్తూ వెళ్ళిపోయింది, నిన్న. ఏడు కాదు, ఐదు. పసిపిల్లల చూపు. పుట్టిన కొత్తల్లో వాళ్ళ కళ్ళు దేని మీద ఆగుతాయి, ఎందుకాగుతాయి, అది. ఆ పేజీ చదువుతుంటే ఆకలి తెలియలేదు నాకు. నువ్వూ గుర్తు రాలేదు. అలా ఉండి ఎన్నాళ్ళయిందో. ఛీ, ఇంతేనా నేను అనిపించింది. అనిపించినా పంపే బటను నొక్కేశాను.

అప్పటినుంచి ఒకటే దడ. నువ్వు నిజంగా ఎనిమిదే పెట్టి ఉంటే ఇంటికెళ్ళి నీ మొహం ఎలా చూడాలి? వస్తానన్న మనిషిని నేనే రావద్దన్నాను. ఈ అంకెల ఆట కూడా పొద్దున కూర్చుని నేనే కట్టాను, పెద్దాయనకి దీని సంగతే తెలియదు. నువ్వూ మాట తప్పావని తేలితే చాలు, హాయిగా ఊపిరి పీల్చుకుందామనుకున్నాను. లెక్క సరిపోతుంది, ఎవరినెవరం అనుకోనక్కర్లేదు అనుకున్నాను.

తేలింది. హాయి మాత్రం రావడంలేదు. సిగ్గులేనిదాన్ని, ఐదు నొక్కి వచ్చి కూడా, నువ్వు ఎనిమిది వైపే చూస్తావని ఎదురుచూశాను.