మేడింటి తోటలో టేకు కొంగ

"బాబాయ్, నర్సమ్మగారికి టీ పొయ్యి, కాస్త పంచదార ఎక్కువెయ్యి! తోటలోకి రెండు చెక్కపిట్టలు కావాలట, ఎవరిచేత చేయించాలా అని ఆలోచిస్తున్నారట. ఈ వడ్రంగి బతికుండగా ఆలోచనేంటండీ?

మొన్న వేసవిలో మేడింటావిడకి ఓ కొంగ చేసిచ్చాను. పెద్ద గొప్పేం కాదు, ఏదో టేకు ముక్క మిగిలితే ఉలి ఆడించాను, అంతే. జిగురన్నది ముట్టను నేను, అది చేతకానివాళ్ళ పని. కాళ్ళకి చెక్కమేకులు దిగ్గొట్టి, గుంజ మీద నిలబెట్టి వచ్చానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటి పిల్లి మూడు రోజులు తిండి మానేసి దాన్నే కాపు కాసి, నాలుగో రోజు ఎగిరి మెడ పట్టుకుంది. రెండు పళ్ళూడాయి!"

"పిల్లికా, కొంగకా?" అన్నాడు టీ కొట్టు బాబాయ్.

"కొంగకి పళ్ళుంటాయా బాబాయ్? అడ్డు రాకు. పిల్లి సంగతి అటుంచండి, చెరువులో కొంగలన్నీ సంబంధం మాట్లాడ్డానికొచ్చినట్టు వరసకట్టాయి, ఒక్కొక్కటీ ముక్కున చేప పట్టుకుని! మా కొంగ కన్నెత్తి చూస్తేనా! ఒట్టు, అబద్ధమాడితే ఈ గ్లాసు నా చేతిలోనే పగలాలి. చివరికి ఓ ముసలి కొంగ మీద జాలిపడి గుడ్డు పెట్టింది. టేకు గుడ్డండీ! మేడింటావిడ పూటంతా పొయ్యి మీదుంచినా ఉడకలేదు."

నర్సమ్మ నవ్వకుండా టీ ఊదుకుంటూ, "ఇప్పుడా కొంగేది?" అంది.

"అక్కడికే వస్తున్నా! మొదటి వాన పడిందో లేదో, రెక్కలు విదిల్చి లేచిపోయింది. వెనకాల వెయ్యి కొంగలు, కాదు, తక్కువ చెప్తున్నా, పదివేలు! మిట్టమధ్యాహ్నం సూర్యుడు కనపడక జనం దీపాలు పెట్టుకున్నారు. నేనే మేడెక్కి, 'వెనక్కి రావే తల్లీ, పాపం ఆవిడ బెంగపెట్టుకుంది' అని బతిమాలితే, మబ్బుల్లోంచి తొంగిచూసి 'వస్తాలే నాన్నా' అంది."

నర్సమ్మ గ్లాసు బెంచీ మీద పెట్టి, సంచిలోంచి గుడ్డలో చుట్టిన కొంగను తీసింది.

"మేడింటావిడ మా వదినేనయ్యా. మొదటి వానకే లేచిపోయిన మాట నిజమే. బురదలో దొరికింది. కాళ్ళు మాత్రం గుంజ మీదే నిలబడి ఉన్నాయి."

బాబాయ్ కొంగను తిరగేసి చూశాడు. కాళ్ళుండాల్సిన చోట మేకు బెజ్జం కూడా లేదు, ఎండిన జిగురు పెచ్చులే ఉన్నాయి.

వడ్రంగికి తల కొట్టేసినట్టయింది. "మరి... ఆ రెండు పిట్టలు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ముందిది మూడు వానలకి నిలబడనీ, తర్వాత చూద్దాం." కొంగను అతని ఒళ్ళో పెట్టింది నర్సమ్మ. "వస్తానందన్నావుగా, వచ్చింది. కాళ్ళు పెట్టి పంపు."