రెండో క్యాసెట్టు అట్ట

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీ క్వార్టరు వసారా. షంటింగు డ్రైవరు జగన్నాథం, పొద్దుటి బండికి బొంబాయి నుంచి దిగిన పాటగాడు కొడుకు నూకరాజు.)

“వద్దు నాన్నా. రేపు మెడికల్‌కి వెళ్ళకు.”

“అంతా మాటాడుకున్నాక ఎల్లకంటావేటిరా? డాక్టరు గోడమీద అచ్చరాలు సూపిస్తాడు. నాను ‘కనబడ్డం నేదు బాబూ’ అంటాను. నన్ను ఇంటికి పంపీసి, ఉజ్జోగం నీకిచ్చెస్తారు. కాలనీలో సగంమంది గుంటలు అలాగొచ్చినోలే.”

“నీకు కళ్ళు బాగానే ఉన్నాయి కదా?”

“బాగున్నాయి గాబట్టే నటించాల. ప్రాక్టీసు సేస్తన్నాను. నిన్న పక్క క్వార్టరు తిరుమలరావనుకోని స్తంభానికి నమస్కారం పెట్టినాను. సూసినోలు పడీ పడీ నవ్వినారు.”

“నాన్నా...”

“మొన్న పప్పులో ఉప్పనుకోని పంచదారేసినాను. మీ అమ్మ నమ్మీసింది! ఏక్టింగులో నీకన్నా నానే నయం.”

“నాకు ఉద్యోగం అక్కర్లేదు. రెండో క్యాసెట్టు సూపర్ హిట్ హో గయా.”

“మొదటిదానికీ ఇలాగే ఎగిరినావు. మిగిలిపోయిన క్యాసెట్లు మీ అమ్మ వడియాల గుడ్డ ఎగరకుండా నాలుగు మూలలా పెడతంది.”

“అది ఫ్లాపు. అందులో ఎవరెవరిలాగో పాడాను. ఇందులో అన్నీ నావే, రాతా నాదే, బాణీ నాదే, గిటారూ నాదే. బుధవారీ బజార్లో ఏ కొట్టు ముందు నిలబడ్డా అదే మోగుతోంది.”

“ఆ గోల నీదేటి?”

“నాదే.”

“మస్తూరీ ఊరి పెళ్ళిబ్యాండోలు వాయించింది?”

“అదీ నాదే.”

“అచ్ఛా! మరి గొంతు పోతే? ఉజ్జోగం అలాక్కాదురా. క్వార్టరుంటాది, పాసుంటాది, జొరమొస్తే రైల్వే ఆస్పత్రుంటాది. పాటకి ఏటుంటాది?”

“పేరుంటుంది.”

“ఏ పేరు? అట్టమీద ఏటి రాసుకున్నావు?”

“నువ్వే చదువు.”

“అద్దాలు లోపలున్నాయి. సెప్పు.”

“రాజ్.”

“రాజా? నూకాలమ్మకి మొక్కి పెట్టుకున్న పేరురా! తల కోసీసి తోకుంచినావు.”

“బొంబాయిలో అలాగే పెట్టాలన్నారు. అది వదిలెయ్. ముందు అట్టమీద బొమ్మ చూడు. నీకు చూపించాలని దారంతా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.”

“ఇలాగియ్యి... బాగానే పడ్డావు. మీ తాతపోలికే. ఆ జుత్తేటి, బుజాలమీదకి? ఆడపిల్లలాగ! రేపే కత్తిరించీ.”

“అట్ట ఇలా ఇచ్చెయ్ నాన్నా.”

“ఏటిరా, కోపమొచ్చిందా?”

“లేదు. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళకు నాన్నా.”

“ఎల్లకపోతే ఎలాగ? యార్డులో ఇంజను నాకోసం సూస్తాది.”

“నీ ఇంజనుకి దండం పెడతాను, వెళ్ళకు. రేపు మెడికల్‌కి నేనే తీసుకెళ్తాను.”

“అద్గదీ! ఇప్పుడొచ్చినావు దారికి. డాక్టరు దగ్గర నిన్న స్తంభం కాడ నటించినట్టు నటిస్తే సరిపోద్దా?”

“నువ్వు నటించక్కర్లేదు నాన్నా. ఆ బొమ్మలో ఉన్నది నేను కాదు. తలకి భుజాలదాకా వేలాడే నల్లరుమాలు కట్టుకుని, ఇంజను కిటికీలో నువ్వున్నావు.”