మేడ తలుపు తాళంచెవి

అధ్యక్షస్థానంలో కూర్చున్న మా యజమానురాలు మిలాగ్రోస్ అమ్మగారికి, పంకా గాలంతా ఆమెకే తగిలేలా తిప్పి మమ్మల్ని చెమటకు వదిలేసిన మేనేజరుగారికి, కత్తిరింపు బల్లల పెద్దలకు, కుట్టుమిషన్ల అక్కచెల్లెళ్లకు, నాలాగే బూట్లకు అడుగులు అంటించి అంటించి వేలిముద్రలు పోగొట్టుకున్న తమ్ముళ్లకు, ఈ సభకు కారణమైన లుదివినా అక్కకు ప్రభువు పేరిట వందనాలు. "ఎలిసియో చేతికి మైకిచ్చారు, ఇక నూడుల్స్ చల్లారినట్టే" అని వెనక బల్ల దగ్గర ఎవరో గొణిగారు. విన్నాను. చల్లారనివ్వండి! (నవ్వులు)

బూట్లకే పేరుపడ్డ ఈ మరికినా ఊళ్లో, ఈ కార్ఖానాలో, ముప్పైయొక్క ఏళ్లు బూట్ల పైభాగాలు కుట్టిన మనిషి ఇవాళ ఆఖరిసారి మిషను ఆపి లేచింది. ఆమె కుట్టు ఎంత సన్నమో మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఆమె మన మేడమీద పెంచిన కూరగాయల గురించి, పొద్దున్న ఆ మేడ తలుపు మీద అంటించిన కాగితం గురించి. లుదివినా పూచీ మీద తెరిచిన తలుపు కాబట్టి, ఆమె వెళ్లాక సోమవారం నుంచి తాళం వేస్తారట. అది చదివినప్పటి నుంచి నా గుండె తుకతుక ఉడుకుతోంది, దాచుకోవడం నా చేత కాదు!

నేను ఏ బైబిలు కాలేజీకీ వెళ్లినవాణ్ణి కాను. జిగురు చేతులతోనే బైబిలు చదువుకున్నాను. కొన్ని పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, ఆ అధ్యాయాలు మీకు ఎన్నడూ బోధించలేదు. (నవ్వులు) అయినా పద్దెనిమిదేళ్లుగా మధ్యాహ్నం అరగంట విరామంలో మీరు అన్నం తింటుంటే వాక్యం చెబుతూనే ఉన్నాను. అడిగినవాళ్లు లేరు, ఆపినవాళ్లూ లేరు. ఒక్క లుదివినా అక్క మాత్రం నేను నోరు తెరవగానే అన్నం డబ్బా పట్టుకుని మేడమెట్లు ఎక్కేది. ఒకరోజు ఉండబట్టలేక మెట్లకింద నిలబడి అరిచాను. "అక్కా! బైబిల్లో మార్త కూడా ఇలాగే పనులు పెట్టుకుని ప్రభువు మాటలు వినకుండా పోయింది!"

ఆమె వెనక్కి కూడా తిరగలేదు. "మార్త వండకపోతే ఆయన ఆ పూట ఏం తినేవాడు బ్రదర్?" అంది.

మూడేళ్ల క్రితం క్రిస్మస్ ఆర్డర్ల రద్దీ మీకు గుర్తుందా? రోజుకి పదిగంటలు పని, సాయంత్రం పేటల్లో ప్రార్థనలు, ఇంటికెళితే నా భార్య ఫెలిసిదాద్ మీద, పళ్లేల మీద, పక్కింటి కోడి మీద అరుపులు. ఆఖరికి ఒక మధ్యాహ్నం మీ అందరిముందూ నా గొంతు ఠక్కున ఆగిపోయింది. కొందరు ఆమెన్ అన్నారు, నాకు తెలుసు. (నవ్వులు) అక్క మాత్రం మేడ దిగొచ్చి నా చేతిలో పెచాయ్ ఆకుకూర నారు పెట్టింది. "ఇంటికి పట్టుకెళ్లు. రెండుపూటలా నీళ్లు పొయ్యి. దీనికి వాక్యం చెప్పక్కర్లేదు."

నాటాను. నాలుగో రోజుకి చచ్చింది. మర్నాడు, వచ్చిన కాస్త గొంతుతోనే, రాతినేలన పడిన విత్తనం గురించి నిప్పులు కురిపించాను! ఆమె మెట్లమీద ఆగి, "బ్రదర్, దేంట్లో నాటావు?" అంది.

"డబ్బాలో."

"ఏం డబ్బా?"

"జిగురు డబ్బా."

(సభలో పెద్ద నవ్వు) నవ్వండి, నవ్వండి! మన ఊళ్లో నీళ్లకీ మేకులకీ కూర్చోడానికీ అన్నిటికీ జిగురు డబ్బాయేగా! "నేల తప్పేం లేదయ్యా మహానుభావా, విషంలో తిండి పండిస్తావా?" అని తిట్టి, వంటనూనె డబ్బా తెప్పించి, మనం తోలు గుచ్చే ఆరెతోనే అడుగున చిల్లులు పొడిచి, కొత్త నారు నాటి ఇచ్చింది.

ఆ డబ్బా మా కిటికీలో పెట్టాను. ఇంటికి రాగానే బూట్లు విప్పకముందే దాని ముందు కూర్చునేవాణ్ణి. ఏమీ జరగదు. ఒక ఆకు విప్పుకుంటుంది, అంతే. కానీ ఆ పావుగంటలో నా భుజాల మీంచి కార్ఖానా మొత్తం దిగిపోయేది! వారానికి ఫెలిసిదాద్ నా నుదురు పట్టుకు చూసి, "ఏంటి, ఇవాళా అరవలేదు? జ్వరమా?" అంది. మా కిటికీలోని ఆకుకూర మొదటిసారి చింతపండు పులుసులో పడ్డ రోజున ఇద్దరం మాట్లాడుకోకుండా రెండేసి గిన్నెలు తాగాం. దేవుడు మనిషిని చేసి ముందు పెట్టింది తోటలో! పద్దెనిమిదేళ్లూ ఆ తోటలోంచి వెళ్లగొట్టడం గురించే బోధించిన మూర్ఖుణ్ణి నేను.

ఇవాళ మన సందుల్లో నలభైమూడు ఇళ్ల కిటికీల్లో, మెట్లమీద, బట్టలారేసే తీగలకు వేలాడదీసిన డబ్బాల్లో ఉన్నది ఈ మేడమీది నారే. అమ్మగారూ, తాళం వెయ్యకండి! కూరగాయలు పెంచుకుంటానని పొరుగువాడి ద్రాక్షతోట లాక్కున్న రాజొకడు లేఖనాల్లో ఉన్నాడు... లేదు లేదు, పోల్చడం లేదు. మేనేజరుగారూ, ముఖం అలా పెట్టకండి.

ఏమంటున్నారమ్మగారూ? కాస్త గట్టిగా. "ఎవరైనా జారిపడితే పూచీ ఎవరిది ఎలిసియో?" అంటున్నారు. నాది! రాసిస్తాను! "నీళ్లు పొయ్యాల్సింది మధ్యాహ్నం విరామంలోనే కదా, అప్పుడు నువ్వు ప్రసంగంలో ఉంటావుగా?" అంటున్నారు.

(మైకు కిందికి దించి, మళ్లీ ఎత్తుతాడు)

అవును. ఉన్నది ఒకటే అరగంట.

అక్క లేస్తోంది. ఏంటక్కా? "తాళంచెవి ఇతనికే ఉండనివ్వండమ్మా, కానీ పైన నోరు విప్పకూడదు, వంకాయలు బెదిరిపోతాయి" అంటోంది. (నవ్వులు, చప్పట్లు) అమ్మగారు తలూపారు! అందరూ చూశారుగా, తలూపారు! మేనేజరుగారూ, ఆ కాగితం మీరే చింపాలి!

మెడలోంచి తాళంచెవి తీస్తోంది. బూట్లు కుట్టే మైనపు దారానికే కట్టుకుంది. ఇలా ఇవ్వక్కా. ఇంకా నీ ఒంటి వెచ్చదనం ఉంది దీనికి.

తిరిగిలేచిన ప్రభువును మొదట చూసిన స్త్రీ ఆయన్ని తోటమాలి అనుకుంది. ఆయన చిన్నబుచ్చుకోలేదు. అక్కా, నువ్వు వారానికోసారైనా వచ్చి, నేను చంపినవేవో బతికించి పో. పద్దెనిమిదేళ్లు ఓర్చుకున్న అందరికీ, తలూపిన అమ్మగారికి, నాకు నోరు మూసుకోవడం నేర్పిన అక్కకు కృతజ్ఞతలు. ఇది నా ఆఖరి మధ్యాహ్న ప్రసంగం. రేపు ఆదివారం, ఎల్లుండి ఈ వేళకి పైన నీళ్లు పోస్తుంటాను, మీరు ప్రశాంతంగా తినండి.

సెలవు.