కొర్నేలి కారు ఎడం పక్క

భిలాయి, నెహ్రూ నగర్‌లో గురునాథరావు ఇంటి స్టోరు రూము. ఆయన దాన్ని వర్క్‌షాపు అంటాడు, భార్య గున్నమ్మ పిచ్చాసుపత్రి అంటుంది. ఇద్దరూ అబద్ధమాడరు. ఒకప్పుడు స్టీలు ప్లాంటు కాలనీ సెక్టర్ 6లో వాళ్ళ పక్క క్వార్టర్లో ఉన్న డోర్కాస్, నిరుడు పోయిన భర్త కొర్నేలి కారు బొమ్మ తీసుకెళ్ళడానికి వచ్చింది. సాయంత్రం ఆయన జ్ఞాపకార్థ కూడికలో దాన్ని ఫొటో పక్కన పెట్టాలి.

"అలగ కాదమ్మా, కిందనించి పట్టుకో. అద్దాలు ముట్టుకోకు. ఆ కుడి అద్దం రెండ్రోజులు దొరకలేదు నాకు."

"ఎక్కడికి పోయింది అన్నయ్యా?"

"చిన్న పట్టకారుతో పట్టుకున్నాను, టక్కుమని ఎగిరిపోయింది. టార్చి ఏసి, నేల మీద పాకి, మంచం కింద దూరి... ఆఖరికి మీ వదిన కొప్పులో దొరికింది. ముప్ఫయ్యారేళ్ళు రైల్ మిల్లులో ఎర్రగా కాలిన పట్టాలు తోలినోణ్ణి, బియ్యపు గింజంత అద్దం కోసం పెళ్ళాం తల ఎతికేను."

"అచ్చం అదే కారు. అదే తెలుపు. నంబరు కూడా పాతదే రాశారే."

"ఎంపీ అనే రాసేను, మధ్యప్రదేశ్ అని. తొంభై ఆరులో ఛత్తీస్‌గఢ్ ఎక్కడుంది. నాలుగు బాడీలు ఖతం అయ్యేక ఐదోది ఇది. మొదటిది సబ్బుబిళ్ళలాగొచ్చింది. రెండోది మా రోహిణి పూణే నించి వీడియో కాల్లో సూసి, చెప్పు బావుంది నాన్నా, రెండో కాలిదేది అంది. మూడోది మే నెలలో డాబా మీద ఆరబెట్టేను."

"భిలాయి మే నెలలోనా?"

"అదే మరి. బుర్రుండాల. సాయంత్రానికి అప్పడమయిపోయింది."

"నాలుగోది?"

"నాలుగోది బాగానే వచ్చింది. దాని మీద నేను కూర్చున్నాను."

"ఏడు నెలలు ఇదే పనని వదిన చెప్పింది. నేను ఏదో చిన్న బొమ్మ అనుకుని అడిగాను అన్నయ్యా. ఇంత కష్టపడతారనుకోలేదు."

"బావ కారు కదమ్మా. ఏదో ఒకటి సేసి ఇచ్చీడానికి మనసొప్పలేదు. సరే, పట్టికెళ్ళు. బల్ల మీద గోడకానించి పెట్టించు. కుడి పక్క జనానికి కనబడాల."

"మరి ఎడం పక్క?"

"ఎడం పక్క గోడకి."

"ఏం?"

"ఏటుంటాది ఎడం పక్క. డోరు, టైర్లు. కుడి పక్కా అవే. ఒకటి సూస్తే రెండోది సూసినట్టే."

"మధ్యలో పెడదామన్నారు పాస్టరు గారు. అందరూ చుట్టూ తిరిగి చూస్తారట."

"సుట్టూ ఎందుకు తిరగడం. ప్రదక్షిణాలు మీకు లేవు కదా."

"మీరేమిటో ఈరోజు... అన్నయ్యా, ఇదేంటి?"

"ఏది?"

"ఎడం పక్క, వెనక చక్రం పైన. గీత."

"గీతేటి. నీ గాజు తగిలుంటాది."

"నా చేతికి గాజుల్లేవు."

"అయితే ఎంట్రుక. రంగు ఆరకముందు ఎంట్రుకలు పడతాయి. మీ వదిన ఇక్కడే తల దువ్వుకుంటాది, సెప్తే ఇనదు."

"ఎంట్రుక కాదు. పైన మెరుపు నున్నగా ఉంది, గీత దాని కింద ఉంది. అంటే ముందు గీసి, తర్వాత పైన లక్కరు పూశారు."

"నీకెలగ తెలుసమ్మా ఇయన్నీ?"

"ఇరవై రెండేళ్ళు ఆ కారు తుడిచినదాన్ని."

"ముసలి సెయ్యి. వణికింది."

"వణికితే వంకరపోవాలి. ఇది స్కేలు పెట్టినట్టుంది."

"టీ తాగుతావేటి. ఏయ్ గున్నమ్మా..."

"వదిన గుడికెళ్ళింది. తలుపు తీసింది మీరే."

"అవును కదా."

"ఈ గీత మీరెప్పుడు చూశారు?"

"ఎప్పుడేటి. కారు కొన్న కొత్తలో పడింది కదా. అందరూ సూసిందే."

"ఎవరూ చూడలేదు."

"అదేటి?"

"పొద్దున్న ఏడింటికి ఆయన లేచి చూశారు. చూసి గుమ్మంలోనే కూలబడ్డారు. తర్వాత కవరు మీద ఇంకో దుప్పటి కప్పి, ముందు అద్దం మటుకు వదిలి, తిన్నగా హథ్‌ఖోజ్‌లో పెయింటరు దగ్గరికి తోలుకుపోయారు. నాలుగో రోజున తెచ్చారు. అడిగినవాళ్ళకి సర్వీసింగ్ అన్నారు. వీధిలో మొదటి కారు, దాన్నెవరో గీశారంటే పరువు పోతుందని. ఆయనా నేనూ తప్ప ఆ గీతని ఎవరూ చూడలేదన్నయ్యా."

"నేను... నేనూ సూసుంటాను, ఆ మధ్యాన్నం..."

"మీది ఫస్టు షిఫ్టు. రెండున్నరకి ఇంటికొచ్చారు. అప్పటికి కారు లేదు."

"నీ గేపకశక్తి మండా."

"చెప్పండి."

"కూర్చోమ్మా."

"కూర్చునే ఉన్నాను."

"అయితే నేను కూర్చుంటాను."

"నెమ్మదిగా. స్టూలు మీద ఏమైనా ఉందేమో చూసుకోండి."

"ఆగస్టు నెల. పొద్దున్న ఐదుంబావు. డూటీకెళ్దామని సైకిలు తీస్తన్నాను. ఏళ్ళ తరబడి నా సైకిలు పెట్టుకున్న జాగాలో మీ కారు. సైకిలు పోయి కాలవ గట్టు మీద. ముందు రోజంతా వాన కదా, సీటు నీళ్ళు పీల్చీసింది. ఎక్కేను. ప్యాంటు మొత్తం తడిసిపోయింది. పక్కన సూస్తే మీ కారు కొత్త కవరు కప్పుకొని పొడిగా, ఎచ్చగా పడుకునుంది. సైకిలు తాళం సేతిలోనే ఉంది."

"దానికేనా?"

"దానికే. ఏదైనా పెద్ద కారణముంటే సెప్పుకోడానికి బాగుణ్ణు. లేద్దు. ప్యాంటు తడిసింది, బస్, అంతే. కవరు మూల లేపేను, గీసేను. ఒక జానెడు. అంతలో మీ తలుపు గెడ సప్పుడయింది. కవరైనా దించకుండా సైకిలెక్కి పారిపోయేను. ప్లాంటు గేటు దాకా ఎనక్కి సూళ్ళేదు."

"జానెడేనా?"

"జానెడే."

"సరిగ్గా గుర్తుందా? ఇంకా పొడుగు లేదూ?"

"ఇరవయ్యెనిమిదేళ్ళ నించి రోజూ కొలుస్తన్నానమ్మా. ఈ బొమ్మ లెక్కన జానెడులో ఇరవైనాలుగో వంతు, గోరంత. అదే ఏసేను. మనిషిగా అబద్ధాలు సెప్పేనేమో గానీ, మోడల్లో సెప్పను."

"ఆయన పాలవాణ్ణి మాన్పించేశారు. ఎదురింటి అప్పలకొండ గారితో ఏడాది పాటు మాట్లాడలేదు. మా వాడలో ఎవరు దగ్గినా అనుమానమే. మిమ్మల్ని మటుకు ఒక్కసారి అనుకోలేదు. నా కారుని నాకంటే గురువే బాగా చూసుకుంటాడు అనేవారు."

"అదే కదా నన్ను తినీసింది. ప్రతి ఆదివారం బకెట్టు పట్టుకొని వచ్చి కడిగీవోణ్ణి. బావ దాన్ని స్నేహమనుకున్నాడు. రోహిణి పుట్టినప్పుడు మీ వదినని సెక్టర్ 9 ఆస్పత్రికి ఆ కారులోనే తీసుకెళ్ళేడు. నొప్పులు పడతంది, సీటు పాడయిపోద్దేమో బావా అంటే, సీటుదేముందిరా, కూర్చోబెట్టు అన్నాడు. ఆ మాటకి నేను ముందు సీట్లో ఏడిసేను. భార్య మీద ప్రేమనుకున్నాడు."

"ఆ రోజు పేపరు కూడా పరవలేదు ఆయన."

"పేపరేటి?"

"నేనెక్కితే కాళ్ళ కింద పాత పేపరు పరిచేవారు. చెప్పులు చేతిలో పట్టుకోవాలి. చర్చికి రాణిలా వెళ్తున్నానని వీధంతా అనుకునేది, నేనేమో ఒళ్ళో చెప్పులు పెట్టుకుని కూర్చునేదాన్ని. చేపలు కొన్నరోజు అసలు ఎక్కనిచ్చేవారు కాదు. వాసన పడుతుందని. ఒకసారి పవర్ హౌస్ మార్కెట్టు నుంచి సెక్టర్ 6 దాకా, జోరువానలో, రెండు కిలోల బొచ్చె పట్టుకుని నడిచాను."

"బావో?"

"పక్కనే కారు మెల్లగా తోలుకుంటూ, అద్దం దించి కబుర్లు చెబుతూ వచ్చారు. మరీ తడిసిపోతున్నావు, తొందరగా నడు అన్నారు."

"నాకెప్పుడూ సెప్పలేదేటి. ఎప్పటి మాట ఇది?"

"మీ సైకిలు సీటు తడిసిన వానే."

"నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"ఏమో అన్నయ్యా. ఆయనుండగా ఒక్క మాట చెప్పలేకపోయారా మీరు?"

"సెప్పాలనే ఎళ్ళేను. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చొని, బావా అని నోరు తెరిసేను. ఏటిరా అన్నాడు. మోసంబి రసం తాగుతావా అన్నాను. మళ్ళీ రోజు ఎళ్ళేను. మళ్ళీ మోసంబి రసమే. మూడు రోజులు. మూడు రోజులూ తాగేడు పాపం."

"ఆయనకి మోసంబి అంటే అసహ్యం."

"మరి సెప్పలేదే."

"మీ మొహం చూసి చెప్పలేకపోయారట. ఎంతో ప్రేమగా తెస్తున్నాడు, వద్దంటే బాధపడతాడు అన్నారు."

"ఇప్పుడు సెప్పేవా. ఇంక ఆ మోసంబి కూడా మోయాల నేను."

"మరి ఇన్నాళ్ళు దాచి, బొమ్మ మీద ఎందుకు గీశారు?"

"లక్కరు పూసే ముందు సూసేను. నున్నగా, మచ్చ లేకుండా ఉంది. బాగుంది గానీ అది బావ కారు కాదు, షోరూము కారు. నా సెయ్యి ఆగలేదు. సెప్పాల్సినోడు ఎలాగూ లేడు, బొమ్మకైనా సెప్పుకుందాం అనుకున్నాను. గోడ పక్క పెట్టిస్తే ఎవరికీ కనబడదనీ అనుకున్నాను. నా ధైర్యం కూడా ఇరవైనాలుగో వంతే."

"మంచి ధైర్యమే."

"డోర్కాసమ్మా, బావ నీకు మొగుడు, నాకు ఉన్న ఒక్క స్నేహితుడు. నువ్వేటంటే అది. కూడికకి రావొద్దంటే రాను. అందరి ముందూ సెప్పమంటే సెప్పీస్తాను. ఈ ఇంటికి ఇంక రానంటే మటుకు... అది అనకు."

"ఆ సూది ఇలా ఇవ్వండి."

"ఏ సూది?"

"దేంతో గీశారో అది."

"గీకితే పోదమ్మా. లక్కరు గట్టిపడిపోయింది. మళ్ళీ రంగేద్దామంటే సాయంత్రానికి ఆరదు."

"చెరపడానికి కాదు."

"మరేటి సేస్తావు?"

"హథ్‌ఖోజ్ పెయింటరు ఆ పక్కంతా రంగు వేశాడు. వెనక చక్రం నుంచి ముందు డోరు సగం దాకా. ఎండలో ఆ తేడా ఎప్పుడూ తెలిసేది. చూడలేదా?"

"సూళ్ళేదేటి. కడిగీవోణ్ణి కదా. జానెడు గీతకి అంత రంగెందుకేసేడా అనుకున్నాను. పెద్ద పని సూపించి బావని మోసం సేసేడనుకొని, ఆ పెయింటర్ని ఇరవయ్యెనిమిదేళ్ళు తిట్టుకున్నాను."

"పాపం, వాడి తప్పేం లేదు. బొమ్మ కదలకుండా పట్టుకోండి."

"పట్టుకున్నాను. ఇదిగో, నెమ్మది. అమ్మా, గీత పొడుగయిపోతంది. డోరు మీదకి ఎళ్ళిపోతంది. ఆగు, ఏడు నెలల పని అది."

"ఇక్కడి దాకా. ఈ హ్యాండిలు దాకా వచ్చి ఆగింది."

"ఏది ఆగింది? నేను జానెడే గీసేనంటే నమ్మవేటి. ఒట్టు. అంతలోనే గెడ సప్పుడయింది."

"నమ్ముతున్నానన్నయ్యా. ఆ గెడ తీసింది నేనే. జానెడు మీది, మిగతా మూరెడూ నాది."